సీజన్ చూసుకుని వెళ్లాలండీ: సటీకా తాత్పర్యము

మూలము: సీజన్ చూసుకుని వెళ్లాలండీ.

అవతారిక: గత వేసవిలో, రోహిణి కార్తె రావటానికి ఇంకా రెండు రోజులుందనగా, ఒక ఆదివారం నేను భార్యాపుత్రసమేతుడనై ఔటర్ రింగు రోడ్డు పక్కనున్న ఒక వినోదాల పార్కుకు పోయి, పొద్దున పదకొండు మొదలు సాయంత్రం ఆరున్నర దాకా లోపల ఉండి, నాలుగు రైడ్లు ఎక్కి తిరిగివచ్చాను. ఏడున్నర గంటలు, నాలుగు రైడ్లు. గాలిలో గడిపినదంతా కూడితే పది నిమిషాలు ఉంటుందో ఉండదో. మిగతా కాలమంతా భూలోకవాసమే. మరునాడు పొద్దున మా పెద్ద తోడల్లుడుగారు ఏదో పని మీద వచ్చి, కందిపోయిన నా ముక్కును ఒకసారి, పిల్లల అరికాళ్ల బొబ్బలను ఒకసారి చూసి, రెండో పెసరట్టు వేయించుకుని, అల్లం చట్నీ అద్దుకుంటూ పై వాక్యాన్ని అనుగ్రహించారు.

వాక్యం చిన్నది. చిన్న వాక్యాలకే మన పెద్దలు పెద్ద వ్యాఖ్యలు రాశారు. పైగా ఇది ఆయన సొంతం కూడా కాదు, కర్త తెలియని ఆర్షవాక్యం. మా ఆఫీసులో ఇద్దరు, పక్క ఫ్లాటువారు, పార్కు ఎదుట కొబ్బరిబొండాలు కొట్టే మనిషి, అందరూ ఇదే పాఠం చదివారు. పాఠాంతరాలు స్వల్పం. 'సీజన్లో వెళ్లకూడదండీ' అని ఒక ప్రతి, 'సీజన్లోనే వెళ్లాలండీ' అని ఇంకొక ప్రతి. అర్థంలో ఒకదానికొకటి ఎదురు. అయినా ఇద్దరూ ఒకే రకంగా తల పంకిస్తూ చెప్పటం వల్ల నాకు చాలాసేపు తేడా తెలియలేదు.

ఏ శాస్త్రానికైనా మొదట విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగూ చెప్పాలి. విషయం పార్కు. ప్రయోజనం చెప్పేవారి సంతోషం. సంబంధం తోడల్లరికం. అధికారి, అంటే ఈ ఉపదేశం వినటానికి అర్హుడు, ఇప్పటికే వెళ్లివచ్చినవాడు. వెళ్లబోయేవాడికి దీన్ని ఉపదేశించే ఆచారం లేదు. అంతకు ముందు శుక్రవారం నేను మా తోడల్లుడుగారికే ఫోను చేసి వెళుతున్నామని చెప్పాను. "శుభం. పిల్లలు సంతోషిస్తారు" అన్నారు.

టీక: సీజన్. ఇది ఆంగ్లం. ఆంగ్లేయులు ఫ్రెంచివారి దగ్గర పుచ్చుకున్నారు, ఫ్రెంచివారికి లాటిన్ నుంచి దిగింది. అక్కడ దీనికి విత్తటమని అర్థం. కాబట్టి దీనికి సరైన తెలుగు 'ఋతువు' కాదు, 'అదను'. రైతు అదను చూసి విత్తుతాడు. జ్యేష్ఠ పున్నమి నాడు ఏరువాక సాగిస్తాడు. పార్కు విషయంలో విత్తేది నేను, విత్తనం నా జీతం. కోసుకునేది ఎవరో టీక అక్కర్లేదు.

ఋతువులు ఆరని పంచాంగం చెబుతుంది. పార్కు పంచాంగంలో రెండే: బడి ఉన్న ఋతువు, బడి లేని ఋతువు. వేసవి సెలవులు, దసరా సెలవులు, సంక్రాంతి, మధ్యలో శుక్రవారమో సోమవారమో పండగ పడి మూడు రోజులు కలిసొచ్చే వారాంతాలు, ఇవన్నీ రెండో ఋతువు. సంక్రాంతికి హైదరాబాదులో సగం జనం విజయవాడ దారిలో టోల్‌గేట్ల దగ్గర ఉంటారు కనుక నగరం ఖాళీ అని ఒక వాదం ఉంది. నగరం ఖాళీయే. ఊరెళ్లని మిగతా సగం ఎక్కడికి పోతుందో ఆ వాదం చెప్పదు.

ఋతువుల ప్రసక్తి వచ్చింది కనుక ఒక్క మాట. మెదక్ జిల్లా కొల్చారం మనిషి, మనవాడు, కోలాచల మల్లినాథసూరి. కాళిదాసు కావ్యాలు మూడింటికీ సంజీవని రాశాడు, భారవికి ఘంటాపథం వేశాడు, మాఘుడికి సర్వంకష, శ్రీహర్షుడికి జీవాతువు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ప్రతిజ్ఞ చేసి మరీ కలం పట్టినవాడు. (ఆ ప్రతిజ్ఞను నేను అవతారికలోనే తప్పాను. మూలంలో పెసరట్టు లేదు.) దేశం మొత్తం మీద ఈనాటికీ కాళిదాసును చదవాలంటే ఒక పక్క మూలం, ఒక పక్క మల్లినాథుడు ఉండవలసిందే. ఇంతటివాడు కాళిదాసు పేరు మీదే చలామణీ అయ్యే ఋతుసంహారాన్ని ముట్టుకోలేదు. ఆరు సర్గలు, ఆరు ఋతువులు; గ్రీష్మంతో మొదలై వసంతంతో ముగుస్తుంది. మల్లినాథుడు టీక రాయలేదు కనుక అది కాళిదాసుది కాదని కొందరు పండితులు వాదించారు. సులభ కావ్యానికి టీక ఎందుకని వదిలేశాడని మరికొందరు సర్దిచెప్పారు. నాది మూడో పక్షం. ఆరు ఋతువుల మీదా వరుసగా వ్యాఖ్యానం రాసినవాడి ఇంటికి చుట్టాలు వచ్చి, ఏ నెలలో ఎక్కడికి పోతే బాగుంటుందని అడుగుతారు. పోయివచ్చి, బాగాలేదని మళ్లీ వస్తారు. కొల్చారంలో ప్రశాంతంగా బతకదలచిన మనిషి మరేం చేస్తాడు?

అలాగని కాలనిర్ణయం ఆయనకు చేతగాదనుకోకండి. మేఘదూతం తెరిచి చూడండి. భార్యకు దూరమై రామగిరి మీద కుబేరుడిచ్చిన ఏడాది శాపం అనుభవిస్తున్న యక్షుడు ఆషాఢమాసంలో మబ్బును చూస్తాడు. ఆషాఢంలో ఎప్పుడు? 'ప్రథమ' దివసమని ఒక పాఠం, 'ప్రశమ' దివసమని ఇంకొక పాఠం. మొదటి రోజా, చివరి రోజా? శ్రావణం దగ్గరపడుతోందని తరువాత కవే అంటున్నాడు కనుక చివరి రోజే అయ్యుండాలని రెండో పక్షం. మల్లినాథుడు ఒప్పుకోడు. ఆషాఢం పక్కనే శ్రావణం. మాసానికి మాసం దగ్గర కావటానికి ఆఖరి రోజు దాకా ఆగనక్కర్లేదంటాడు. సరే, శాపం ఎప్పుడు తీరుతుంది? విష్ణువు శేషశయ్య మీంచి లేచే కార్తీక శుద్ధ ఏకాదశికి. ఇంకా నాలుగు నెలలు ఓర్చుకోమని యక్షుడు భార్యకు కబురు పంపుతున్నాడు. ఇప్పుడు వేళ్లు మడవండి. ఆషాఢం మొదటి రోజు నుంచి లెక్కిస్తే నాలుగు నెలల మీద పది రోజులు ఎక్కువ. చివరి రోజు నుంచి లెక్కిస్తే సుమారు ఇరవై రోజులు తక్కువ. ఏ పక్షానికీ లెక్క అతకదు. అయితే పది రోజుల పొరపాటుతో పోయేదాన్ని ఇరవై రోజుల పొరపాటు దాకా తీసుకుపోవటం ఎందుకు? నేను మాత్రం థకారం వైపే ఉన్నాను. నిజానికి నాకు ఈ తగువులో నచ్చేది తీర్పు కూడా కాదు, ఆ పట్టింపు. ఒకే ఒక్క హల్లు. దాని మీద ఒక్క రోజు. ఆ ఒక్క రోజు కోసం తాటాకులు, గంటాలు, శిష్యులు, ప్రతివాదులు, తరాలు. కాలం గురించి నోరు విప్పేవాడికి ఏ రోజో చెప్పవలసిన బాధ్యత ఉందని వారి నమ్మకం. విరహంలో ఉన్న మనిషికి నాలుగు నెలలంటే నాలుగు నెలలే, 'కొంచెం అటూ ఇటూగా' కాదు.

ఇదంతా ఎందుకు మొదలుపెట్టానో ఒక నిమిషం మరిచిపోయాను. ఆ, సీజన్. మా తోడల్లుడుగారి సీజన్లో ఎన్ని రోజులున్నాయో ఆయన చెప్పలేదు. అడిగితే "చలికాలం బెస్టండీ" అన్నారు.

కాబట్టి నేనే సిద్ధాంతం చేశాను. తెలంగాణలో బళ్లు జూన్ 12న తెరుస్తారు. ఫీజులు, పుస్తకాలు, బూట్లు, ఆటో వాళ్ల అడ్వాన్సులు కట్టేసరికి ఇళ్లలో డబ్బు ఉండదు. ఏరువాక వచ్చేస్తుంది, ముసురు పడుతుంది. పైగా ఆషాఢం శూన్యమాసం, కొత్త దంపతులు కూడా వేరువేరు ఊళ్లలో ఉంటారు. ఇందుకు మనకు కుబేరుడి శాపం అక్కర్లేదు, అత్తగారు చాలు. అంటే పార్కు ఏడాదిలో అన్నిటికంటే ఖాళీగా ఉండవలసిన కాలం ఆషాఢ ప్రథమ దివసం. కాళిదాసు తేదీ, లాటిన్ వ్యుత్పత్తి, బడుల ప్రారంభం, మూడూ ఒక్క పక్షంలో కలిశాయి. ఇంత చక్కని సమన్వయం నా జన్మలో మళ్లీ కుదరదనిపించింది. ఒక మంగళవారం సెలవు పెట్టి, పిల్లలను బడికి పంపి, నేనూ మా ఆవిడా వెళ్లాం.

నిజంగానే ఎవరూ లేరు. గేటు దగ్గర టిక్కెట్టు చింపే అబ్బాయి మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. రోలర్ కోస్టర్ దగ్గరికి నేరుగా నడిచిపోయాం. కమ్మీలన్నీ ఖాళీ. అక్కడి కుర్రవాడు "ఇద్దరితో తిప్పం సార్, కనీసం పదిమంది కావాలి, కూర్చోండి" అన్నాడు. కూర్చున్నాం. ముప్పావుగంటకు తొమ్మిదిమంది అయ్యాం. పదోవాడు వచ్చేలోగా ఉరిమింది. మెరుపులుంటే ఎత్తైన రైడ్లు ఆపేయటం రూలు. అది సరైన రూలే, దాన్ని నేను తప్పు పట్టను. మరో మూడు రైడ్లకు వార్షిక మరమ్మతులని తాడు కట్టారు. ఖాళీ రోజుల్లోనే కదా మరమ్మతులు చేసేది! అదీ న్యాయమే. అన్నీ న్యాయాలే. యక్షుడిలాగా మబ్బు వంక చూస్తూ మొక్కజొన్న కంకి తిని వచ్చేశాం. ఇద్దరికీ అయిన ఖర్చు చెప్పను.

చూసుకుని. దీన్ని సులభమని వదిలేస్తారు. వదిలేయకూడదు, దొంగ ఇక్కడే దాక్కున్నాడు. 'వండాడు' వేరు, 'వండుకున్నాడు' వేరు. 'కొను' చేరితే ఫలం కర్తకు చెందుతుంది. కనుక సీజన్ చూసి అనకుండా చూసుకుని అనటంలో, చూసినవాడికే లాభమని వ్యంజన. ఇక ఇలాంటి అసమాపక క్రియ వచ్చినచోట ముందు పనికీ వెనుక పనికీ కర్త ఒకడే కావాలి. 'స్నానం చేసి భోంచేశాడు' అంటే స్నానం చేసినవాడే భోంచేశాడు. సంస్కృతంలో పాణినిదీ ఇదే కట్టడి. ఈ మూలవాక్యంలో సీజన్ చూసుకున్నదెవరు? ఆదివారానికొక ధర, బుధవారానికొక ధర, వేసవికొక ధర పెట్టినవాడు. వరస తప్పించి ముందు ఎక్కాలంటే ఇంకొక ఎక్కువ రేటు టిక్కెట్టు పెట్టినవాడు. బయటి తిండి వద్దని మా ఆవిడ కట్టిన పులిహోర గేటు దగ్గరే ఆపించి, లోపల ఆకలి ఏ గంటకు వేస్తుందో లెక్క కట్టినవాడు. సీజన్ అంటే అతనికి తెలిసినంత ఎవరికీ తెలియదు. వెళ్లింది మాత్రం నేను. చూసుకున్నవాడు వేరు, వెళ్లినవాడు వేరు. వాక్యం వ్యాకరణరీత్యా దుష్టం.

పార్కు కట్టినవాడికి కాలనిర్ణయం తప్పదనటానికి పురాతన దృష్టాంతం ఉంది. కాలిఫోర్నియాలో వాల్ట్ డిస్నీ తన మొదటి పార్కు తలుపులు 1955 జూలై 17న తెరిచాడు. మండుటెండ. అప్పుడే పోసిన తారు మెత్తబడి ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె వల్ల తాగునీటి కుళాయిల్లో నీళ్లు లేవు. దొంగ ఆహ్వానపత్రాలు పట్టుకుని జనం విరగబడ్డారు. ఆ రోజు ఎవరూ జనం వైపు తిరిగి 'సీజన్ చూసుకుని రావలసింది' అనలేదు. తప్పు పార్కుదేనని పత్రికలు రాశాయి. ఆయన పోయాక ఫ్లోరిడాలో రెండో పార్కును ఆయన వారు 1971 అక్టోబరు 1న, ఎండా రద్దీ తగ్గే నెలలో తెరిచారు. సీజన్ చూసుకోవటమంటే ఇది. చూసుకున్నది పార్కువారు.

వెళ్లాలి. వెళ్లటం స్పష్టం. 'ఆలి' విధి. ('వెళ్లవలెను' అనకుండా 'వెళ్లాలి' అంటే 1858 నాటి బాలవ్యాకరణం గడప తొక్కనివ్వదు, కానీ తోడల్లుళ్లను చిన్నయ సూరి కూడా ఆపలేడు.) మీమాంసకులు విధిని మూడు రకాలు చేశారు. తెలియనిది చెప్పేది అపూర్వవిధి. వడ్లు గోళ్లతో ఒలవచ్చు, రోట్లో దంచవచ్చు అని రెండు దారులున్నప్పుడు దంచే తీరాలనేది నియమవిధి. మూడోది పరిసంఖ్య: పైకి ఆజ్ఞలా కనిపిస్తుంది, లోపల నిషేధం. ఐదు గోళ్లున్న జంతువుల్లో ఫలానా ఐదూ తినవచ్చంటే, తినమని కాదు, మిగతావి ముట్టుకోవద్దని. మన వాక్యం మూడో జాతిది. సీజన్ చూసుకుని వెళ్లాలంటే మిగతా రోజుల్లో వెళ్లకు అని. ఏ రోజుల్లో? బడి లేని రోజుల్లో రద్దీ. బడి ఉన్న రోజుల్లో పిల్లలకు బడి. రెండూ తీసేస్తే మిగిలే రోజున పార్కులో తొమ్మిదిమంది.

పూర్వపక్షం: నవంబరులోనో డిసెంబరులోనో, ఎండ లేనప్పుడు, పనిరోజు చూసుకుని పిల్లలకు ఒక్కరోజు సెలవు పెట్టించవచ్చు కదా? పెట్టించవచ్చు. కానీ ఆ నెలల్లో పనిరోజులు బడుల పిక్నిక్ రోజులు. పార్కింగులో వరసగా పసుపుపచ్చ బస్సులు, మెడలో కార్డులు వేసుకున్న ఎనిమిదో తరగతి సెక్షన్లు ఏ నుంచి ఎఫ్ దాకా, ఈలలు ఊదే డ్రిల్లు మాస్టర్లు. మనం సెలవు పెట్టించి తీసుకెళ్లిన పిల్లవాడు అక్కడ తన క్లాసువాళ్లకే దొరికిపోయే ప్రమాదం కూడా ఉంది.

లెక్క ఇలా వేద్దాం. రోలర్ కోస్టర్ బండికి 24 సీట్లనుకోండి, ఎక్కించి దించి మూడు నిమిషాలకొక బండి వదులుతారనుకోండి. గంటకు 480 మంది. ఎనిమిది గంటల్లో 3,840. ఆ రోజు 8,000 టిక్కెట్లు అమ్మితే సగానికి పైగా జనం దాన్ని చూసి వెళ్లవలసిందే. ఈ గుణకారానికి ఋతువులతో పని లేదు. వసంతంలోనూ 24 సీట్లే, హేమంతంలోనూ 24 సీట్లే. మారేది అమ్మిన టిక్కెట్లు. అమ్మినవాడికి తెలిసిన అంకె అది. కొన్నవాడికి చెప్పని అంకె కూడా అదే.

అండీ. గౌరవార్థకం. మా తోడల్లుడుగారు నాకంటే ఆరేళ్లు పెద్దవారు, మామూలుగా 'ఏమోయ్' అంటారు. 'అండీ' అనేది నేను ఏదైనా పోగొట్టుకున్నప్పుడే.

అలంకారం: క్యూ కమ్మీల మధ్య మెలికలు తిరిగే తీరును నాగబంధమని తొందరపడి అనకూడదు. నాగబంధంలో పాము తన మీద తాను చుట్టుకుంటుంది. ఇక్కడ ఆ చివర దాకా పోయి, తిరిగి ఈ చివరికి వస్తాం, ఇది గోమూత్రికాబంధం. అందులో పై వరసకూ కింది వరసకూ ఒకటి విడిచి ఒకటి అవే అక్షరాలు వస్తాయి. ఇక్కడా పై వరసలో ఎదురైన మొహమే కింది వరసలో మళ్లీ ఎదురవుతుంది. ఒక ఎర్రటోపీ పెద్దమనిషిని పదకొండు సార్లు కలిశాను. నాలుగోసారికి నవ్వుకున్నాం, ఏడోసారికి వారిది తుని అని తెలిసింది, పదకొండోసారికి ఇద్దరికీ మాటలైపోయాయి. నీళ్ల రైడ్ల వైపు చెప్పులు విప్పి కాలే గచ్చు మీద నడవాలి. ఆ పాదాలకు గణాలు ఎన్నైనా పడతాయి కానీ యతి కుదరదు, ఆగితే అంటుకుంటుంది.

ఈ బంధం చివర, సరిగ్గా బండి ఎక్కే మెట్టు దగ్గర, ఒక కొలతబద్ద ఉంది. 140 సెంటీమీటర్లు. మా చిన్నవాడు 137. ఎనభై నిమిషాలు నిలబడ్డాక తెలిసింది. ఆ బద్ద క్యూ మొదట్లో ఎందుకు లేదని అడిగితే అక్కడి కుర్రవాడు "వీకెండ్ కదా సార్" అన్నాడు. మా చిన్నవాడు అక్కడ ఏడవలేదు. కారులో ఏడ్చాడు.

ఇందులో రసం ఏమిటని అడిగేవారుంటారు. హాస్యమని రాద్దామనుకున్నాను. ఆ 137 దగ్గర ఆగిపోయాను.

తాత్పర్యము: తిరుమలలో ఎన్ని కంపార్టుమెంట్లు నిండాయో, టోకెన్ లేని సర్వదర్శనానికి ఎన్ని గంటలు పడుతుందో, నిన్న ఎంతమంది దర్శించుకున్నారో పొద్దున్నే పత్రికలో వస్తుంది. అది చూసి వెళ్లేవాడు వెళతాడు, ఆగేవాడు ఆగుతాడు. ఏడుకొండలవాడు తన క్యూ లెక్క దాచుకోడు. పాతకాలపు సినిమాహాలు కూడా నిండగానే గేటుకు 'హౌస్‌ఫుల్' బోర్డు తగిలించేది. బ్లాకులో అమ్మేవాడు సైతం ఆ బోర్డు కిందే నిలబడి అమ్మేవాడు. ఇంత ఖరీదైన టిక్కెట్టు అమ్మే పార్కుకు ఆ బోర్డు లేదు. దాని బదులు మా తోడల్లుడుగారు ఉన్నారు.

కనుక పార్కుల యజమానులకు ఒక విన్నపం. టిక్కెట్టు కిటికీ పక్కన ఒక పలక పెట్టండి. దాని మీద గంటగంటకూ రెండే అంకెలు రాయండి: లోపల ఎంతమంది ఉన్నారు, పెద్ద రైడ్‌కు ఎన్ని నిమిషాలు పడుతుంది. కొలతబద్దను పీకి క్యూ మొదట్లో పాతండి. పలక కొనవలసిన పని లేదు. మా చిన్నవాడి ఒకటో తరగతి పలక అటక మీద అలాగే ఉంది, సుద్దముక్కలతో సహా తెచ్చిస్తాను. ఏ రోజు రమ్మంటారో మాత్రం తేదీ వేసి చెప్పండి.